ముందు చక్రాల వణుకు

క్రితం వారం కథ ఆగినప్పుడు హనుమన్న చేతిలో స్పానరు ఉంది, ఎదుట అల్లుడు ఉన్నాడు. రెండేళ్ళుగా మామ గడప తొక్కని హరినాథ్ తన ఏడు సీట్ల బండిని బేతంచెర్ల స్టేషన్ రోడ్డులోని మామ మెకానిక్ షెడ్డుకు తెచ్చి నిలబెట్టాడు. ఇష్టపడి రాలేదు. ఎల్లుండి ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి ఇంటిల్లిపాదీ పోవాలి. బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది. నాయన చూసి సరే అంటే తప్ప ఈ బండి ఎక్కనని అతని భార్య ప్రమీలారాణి మొండికేసింది. ఆమె హనుమన్న కూతురు. తండ్రి మొండితనం కూతురికి రాక ఎక్కడికి పోతుంది.

హనుమన్న ఎడమ ముందు చక్రం విప్పి, లోపల బ్రేకు పట్టుకునే ఇనుప పళ్ళేన్ని, డిస్కును, వేలితో తడిమి, ఇది ఎవరు వేశారని అడిగాడు. కర్నూలులో పెద్ద వర్క్‌షాపువాళ్ళు, ఏడాదిన్నర కిందట, అని అల్లుడు గోడవైపు చూస్తూ జవాబిచ్చాడు. అది విని హనుమన్న స్పానరు కింద పెట్టేశాడు.

ఎందుకు పెట్టాడో అల్లుడికి తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలుసుకోగలిగిన మనిషి ఒక్కతే ఉండేది, ఆమె ఇప్పుడు లేదు.

రెండేళ్ళ కిందట ఇదే బండికి, ఇదే ముందు చక్రాలకు కొత్త డిస్కులు వేసింది హనుమన్నే. వేసిన నెలన్నరకు బండి వణకడం మొదలైంది. తెచ్చి చూపించమంటే పనులున్నాయని హరినాథ్ జరుపుతూ వచ్చాడు. ఇంతలో ఒక పొద్దున హనుమన్న భార్య సుంకమ్మకు మూతి వంకర పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. ఇదే బండిలో కర్నూలుకు బయల్దేరారు. బ్రేకు ముట్టుకుంటే చాలు, స్టీరింగ్ పట్టుబడ్డ కోడిలా హరినాథ్ చేతుల్లో గింజుకుంది. నలభై దాటించడానికి అతనికి ధైర్యం చాలలేదు. గంటంబావు దోవకు రెండుంబావు గంటలు పట్టింది. వెనక సీట్లో భార్య తల తొడ మీద పెట్టుకుని హనుమన్న ఆ దోవంతా అల్లుడి మెడ వెనక భాగాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు ఒకే మాట అన్నాడు. ఇంకొంచెం ముందు తెచ్చింటే బాగుండేది.

పదకొండో దినం నాడు పెద్దల ముందు హనుమన్న అల్లుణ్ణి పిరికివాడన్నాడు. "బండి నడపడం రానోడు మగోడా" అన్నాడు. హరినాథ్ ఆకు ముందు నుంచి లేచాడు. "నన్నెందుకు అంటావు మామా? ఆ బ్రేకులు ఏసిన చెయ్యి ఎవరిది?" అన్నాడు.

ఆ మాటతో తెగింది. హనుమన్న అల్లుడి ఇంటికి పోలేదు. అల్లుడు షెడ్డుకు రాలేదు. మధ్యలో ప్రమీల పండక్కో పబ్బానికో క్యారియర్ తెచ్చి షెడ్డులో పెట్టి పోయేది.

ఊరంతా ఇది మామా అల్లుళ్ళ పంతం అనుకుంది. హనుమన్నను లోపల తింటున్నది వేరు. డిస్కు కూర్చునే ఇనుప ముఖాన్ని హబ్బు అంటారు. దాని మీద ఆవగింజంత తుప్పు మిగిలినా డిస్కు వంకరగా కూర్చుంటుంది. కంటికి ఆనదు. నెల తర్వాత బ్రేకు తొక్కిన కాలికి తెలుస్తుంది. ఆ రోజు కుడి హబ్బును తీగ బ్రష్షుతో గీకడం హనుమన్నకు బాగా గుర్తుంది. ఎడమ చక్రం విప్పేసరికి సుంకమ్మ సంగటి తెచ్చి, చల్లారిపోతుంది లెమ్మని గదమాయించింది. లేచాడు, తిన్నాడు, వచ్చి డిస్కు బిగించాడు. మధ్యలో ఎడమ హబ్బు గీకాడా? రెండేళ్ళుగా రోజూ అడుగుతున్నాడు. అడిగిన ప్రతిసారీ గిన్నె గుర్తొస్తుంది, సంగటి గుర్తొస్తుంది, అందులోని గోంగూర పులుపు గుర్తొస్తుంది. బ్రష్షు గుర్తు రాదు.

గీకకపోయి ఉంటే, భార్యను చంపుకున్నది తన చెయ్యే.

ఇప్పుడు కర్నూలువాళ్ళు వేసినవి కూడా వణుకుతున్నాయంటున్నాడు అల్లుడు. పెద్ద వర్క్‌షాపు, చల్లటి గదులు, చేతికి తొడుగులు. అక్కడ కూడా సుంకమ్మ వచ్చి సంగటి తినమందా?

హనుమన్న మళ్ళీ స్పానరు అందుకున్నాడు. ఒక ఇనుప కమ్మీని పక్కన గట్టిగా కట్టి, దాని మొన డిస్కుకు వెంట్రుకవాసి దూరంలో ఉండేట్టు వంచాడు. డిస్కును చేత్తో మెల్లగా తిప్పాడు. ఒకచోట మొన రాసుకుని కీచుమంది. సగం చుట్టు తిరిగేసరికి పోస్టుకార్డు దూరేంత సందు వచ్చింది. డిస్కు వంగింది. కుడివైపుదీ చూశాడు. అదీ వంగింది, కాని అందులో సగం కూడా లేదు.

ఎడమ డిస్కును ఊడదీసి వెలుతురులోకి తెచ్చాడు. డిస్కంటే రెండు ఇనుప పలకలు, నడుమ గాలి ఆడే సందులు. ఆ సందుల్లో తెల్లటి పెచ్చు ఉంది. గోటితో గీకితే రాలలేదు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గుల్ల సున్నంలా విరిగింది. బేతంచెర్లలో పుట్టినవాడికి ఆ తెలుపు గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ తొట్టిలో నీళ్ళు ఎండితే మిగిలే రాతి మడ్డి అది. రోడ్డు మీది బురద చిందితే లోపలివైపు పడుతుంది. ఇది బయటివైపు నుంచి, పైనుంచి కిందికి కారింది. కారి, కాలి, అతుక్కుపోయింది.

పక్క షెడ్డులో లేతు నడిపే నెహెమ్యాను కేక వేశాడు. ముప్పై ఏళ్ళ సావాసం వాళ్ళది. నెహెమ్యా కళ్ళద్దాలు నుదుటి మీది నుంచి దించుకుని, డిస్కును అటూ ఇటూ తిప్పి, వాసన కూడా చూశాడు.

"ఇది తొక్కి తొక్కి వంగింది గాదప్పా. కాగిన ఇనుము మీద సన్నీళ్ళు పడినాయి. మా ఇంటిది కృపమణి పెనాలన్నిటికీ ఇదే గతి. పొయ్యి మీదుండంగనే చెంబు నీళ్ళు కుమ్మరిస్తాది. ముప్పై ఏండ్లుగా వంకర దోసెలే తింటాండా."

హరినాథ్ నవ్వాడు. హనుమన్న నవ్వలేదు. రెండేళ్ళలో మొదటిసారి అల్లుడి ముఖంలోకి చూసి అడిగాడు.

"నేనేసిన డిస్కులు యాడుండాయి?"

ఒకటి పాత ఇనుముకు పోయిందని, ఇంకొకటి ఇంట్లో గ్యాసు బండ కింద ఉందని హరినాథ్ చెప్పాడు. కర్నూలువాళ్ళు పాతవి డిక్కీలో వేసి పంపితే, సిలిండర్‌కు పీట సరిగ్గా సరిపోయిందని ప్రమీల వంటింట్లో పెట్టుకుందట. తెమ్మన్నాడు హనుమన్న. ఇప్పుడు దానితో ఏం పనని హరినాథ్ గొణిగాడు. నెహెమ్యా స్కూటర్ తాళం చేతిలో పెడితే తీసుకుని పోయాడు.

అతను వచ్చేదాకా హనుమన్న పాత టైరు మీద కూర్చున్నాడు. నెహెమ్యా బీడీ ఇవ్వబోతే వద్దన్నాడు. ఊళ్ళో ఎవరికీ తలవంచని మనిషికి గ్యాసు బండ కింది ఇనుప ముక్కను చూడకుండా పారిపోవాలని ఉంది. పారిపోవడానికి చోటు లేదు. షెడ్డు తనది.

పావుగంటలో హరినాథ్ వచ్చాడు. డిస్కును పాత దినపత్రికలో చుట్టి తెచ్చాడు. హనుమన్న ముందు అంచు చూశాడు. తను వేసే ప్రతి డిస్కు అంచున ఉలితో గుర్తు కొడతాడు, ఎడమదానికి ఒక చుక్క, కుడిదానికి రెండు. ఒకటే చుక్క ఉంది.

ఎడమదే.

సందుల్లోకి చూశాడు. తెల్లటి పెచ్చు, అదే మడ్డి, అదే కారిన తీరు. అది చాలదు. డిస్కును బోర్లించాడు. హబ్బుకు ఆనుకునే ముఖం పైకి వచ్చింది.

దాని మీద సన్నటి నల్లటి పొర ఉంది, చుట్టూ సమానంగా. ఎండిపోయిన గ్రీజు. హనుమన్న పద్ధతి అది. హబ్బు గీకి, గుడ్డతో తుడిచి, మళ్ళీ తుప్పు పట్టకుండా చిటికెనవేలితో పూత పూస్తాడు. గీకడం పూయడం ఆయనకు ఒకటే పని, విస్తట్లో నీళ్ళు చల్లి అన్నం పెట్టినట్టు. గీకకుండా పూసి ఉంటే తుప్పు గ్రీజులో కలిసి ఎర్రటి మచ్చ దిగి ఉండాలి. వేలితో తుడిచాడు. లోపలి ఇనుము తెల్లగా మెరిసింది. ఇంకోచోట తుడిచాడు. అక్కడా మెరిసింది. ఎరుపు లేదు. ఎక్కడా లేదు.

గీకాడు. సంగటి తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, గీకాడు.

"నెహెమ్యా, నువ్వు సూడు" అన్నాడు.

నెహెమ్యా చూశాడు. "కడిగిన ముత్యం మాదిరి ఉండాది" అన్నాడు. ఎందుకు అడిగావని అడగలేదు. ముప్పై ఏళ్ళ సావాసానికి ఆ మాత్రం ఉంటుంది.

హనుమన్న లేచి చేతులు కడుక్కున్నాడు. మోచేతుల దాకా, సబ్బు నురగ తెల్లబడేదాకా కడుక్కున్నాడు. ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు. రాలేదు. ఆకలి వచ్చింది. మామూలు ఆకలి కాదు, కొలిమి తిత్తి లాంటి ఆకలి. రోడ్డవతలి హోటల్ నుంచి బొరుగుల ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు తెప్పించి, నిలబడే తిన్నాడు. మళ్ళీ ఇంకో పొట్లం తెప్పించాడు. రెండేళ్ళుగా నోట్లో పెట్టిందల్లా మట్టిలా ఉండేది. ఈ పొద్దు బజ్జీలోని వాము కూడా నాలుకకు తెలిసింది. బరువు దించుకున్న ఎద్దు మొదట గడ్డి వైపే తల తిప్పుతుంది. మనిషీ అంతే.

హరినాథ్ గోడకానుకుని వింతగా చూస్తున్నాడు. అతని చేతిలో కూడా ఒక పొట్లం పెట్టాడు నెహెమ్యా.

తర్వాత పని సాగింది. హరినాథ్ కొత్త డిస్కులు, వాటిని నొక్కిపట్టే కొత్త ప్యాడ్లు కర్నూలు నుంచి తెచ్చే ఉంచాడు. హనుమన్న రెండు హబ్బులూ గీకాడు. ఈసారి గుర్తుండేలా గట్టిగా గీకాడు. కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా రాసి పంపే నూనెను పెట్రోలు గుడ్డతో తుడిచాడు, ప్యాడ్లు మార్చాడు, బోల్టులు ఎదురెదురుగా కొద్ది కొద్దిగా బిగించాడు. ఒక్క బోల్టు కూడా మళ్ళీ విప్పి చూడలేదు. రెండేళ్ళుగా ఏ బండి బ్రేకు ముట్టుకున్నా, బిగించినదాన్ని మూడుసార్లు విప్పి చూసుకునే పిచ్చి పట్టి, గిరాకీలు జారిపోయిన చేతులు అవి.

ఆఖరి బోల్టు బిగించాక కూర్చున్నచోటు నుంచే అడిగాడు.

"చక్రాలకు నీళ్ళెవరు పోస్తారు?"

హరినాథ్ కాగితం ఉండ చేసి పారేశాడు. "గని కాడ నుంచి దిగొస్తే శానా కాగింటాయి గదా మామా. కాలిన వాసన వస్తాంటాది. తొట్టి పక్కనే ఉండాది, బకెట్‌తో పోస్తాం. బ్లేడుకు పోయమా? అట్లనే."

హరినాథ్‌ది బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ. ఇల్లు ఆ ఆవరణలోనే. గని గుట్ట మీద, దిగుడు నాలుగు మైళ్ళు. రాయి కోసే బ్లేడు మీద నీళ్ళు ఆగకుండా పడుతుండాలి, ఆగితే బ్లేడు పోతుంది. ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా అది తెలుసు. కాగిందా, నీళ్ళు పొయ్యి. బేతంచెర్ల చదువు అది.

"బ్లేడుకు మొదటి నుంచీ నీళ్ళు పడతాంటాయి. అది కాగనే కాగదు" అన్నాడు హనుమన్న. "నువ్వు కాగి ఎర్రగైనదాని మీద కుమ్మరిస్తాండావు. రెండూ ఒకటేనా?"

హరినాథ్‌కు మెల్లమెల్లగా అర్థమైంది. గ్యాసు బండ కింది డిస్కు వైపు చూశాడు. ఊడదీసిన కర్నూలు డిస్కు వైపు చూశాడు. రెండింటి సందుల్లోనూ ఒకే తెలుపు.

"పదకొండో దినం నువ్వన్న మాట ఇంగోసారి అను" అన్నాడు హనుమన్న.

హరినాథ్ రెండు డిస్కులనూ ఎత్తి బల్ల మీద పెట్టాడు.

"అను. ఆ బ్రేకులేసిన చెయ్యి ఎవరిదంటివి గదా. నెహెమ్యా వింటాడు, అను. నా చెయ్యి సరిగానే ఏసింది. వంచింది నీ తొట్టి నీళ్ళు. నా పెండ్లాం ఆ దోవలో ఆలస్యమయ్యి పోయిందంటే అది నీ వల్ల."

నెహెమ్యా లేతు మీద పనుందని చెప్పి జారుకోబోయాడు. హనుమన్న ఉండమన్నాడు. సాక్షి లేని తీర్పు తీర్పు కాదు. హరినాథ్ ఒకసారి నెహెమ్యా వైపు చూశాడు. మెడ ఎర్రబడింది. తిరగబడతాడని హనుమన్న చూశాడు. తిరగబడితే బాగుండు, ఇంకో నాలుగు అనొచ్చు. రెండేళ్ళ సరుకు ఉంది.

"సరే మామా" అన్నాడు హరినాథ్. "నడిపి సూద్దాం పా."

కొత్త బ్రేకుకు పదును పెట్టాలి. లేకుంటే ప్యాడు డిస్కుతో కలవదు. ఊరు దాటాక హనుమన్న పక్క సీట్లోంచి ఒక్కొక్క మాటే చెప్పాడు. అరవైకి పోనియ్. మెల్లగా తొక్కు. నిలపొద్దు. ఇరవైకి రాంగనే వదులు. మళ్ళీ పోనియ్. అలా పది పన్నెండుసార్లు. మొదట గరగరమన్నది. తర్వాత మెత్తబడింది. గని గుట్ట ఎక్కి దిగేటప్పుడు హరినాథ్ స్టీరింగ్‌ను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. బండి దిగుడంతా తొట్లోని నీళ్ళలా కదలకుండా వచ్చింది. పక్కన బండల లోడు లారీ ఒకటి మూలుగుతూ దిగుతోంది. దాన్ని దాటి ముందుకు వచ్చాక హరినాథ్ రోడ్డు మీది నుంచి కళ్ళు తిప్పకుండా అన్నాడు.

"మామా, నీళ్ళు పోసింది నేను గాదు."

"మరెవరు?"

"అత్త."

హనుమన్న తల తిప్పాడు.

నువ్వు డిస్కులు వేసి ఇచ్చిన వారానికే గని నుంచి దిగి ఇంటి ముందర ఆపాను, అని చెప్పుకొచ్చాడు హరినాథ్. మనవరాలు యామినిని చూడటానికి సుంకమ్మ వచ్చి ఉంది. కాలిన వాసన పసిగట్టి పరుగున వచ్చింది. తొట్లో బకెట్ ముంచి ఎడమ చక్రం మీద పోసింది. తొట్టి ఎడమవైపే ఉంది, అందుకని ముందు అదే. మిగిలింది కుడిదానికి. చుయ్‌మని ఆవిరి లేస్తే సంతోషపడింది. పెళ్ళికి ముందు అయిదేళ్ళు, పెళ్ళయ్యాక పదేళ్ళు పాలిష్ ఫ్యాక్టరీలో బ్లేడు పక్కన నీళ్ళ పైపు పట్టుకుని నిలబడిన మనిషి ఆమె.

"బ్లేడు దప్పి తీర్చకపోతే అది మనుషుల్ని కరుస్తాది, దీనికీ అంతే అల్లుడా, అనింది. అప్పట్నుంచి నేనెప్పుడు వచ్చినా అత్తే పోసేది. ఆమె ల్యాకపోతే ప్రమీల. అత్త పోయినాక ప్రమీల ఒగ దినం గూడా తప్పలేదు. అమ్మ చేసేది అంటాది."

బండి రైలు గేటు దగ్గర ఆగింది. గూడ్సు పోతోంది, పెట్టె తర్వాత పెట్టె.

"షెడ్డులో ఎందుకు చెప్పలేదు?"

"నెహెమ్యా ఉండె గదా. ఆయప్ప ముందర అత్త పేరు ఎట్ల చెప్తును?"

"నీదే తప్పని అనిపించుకుంటివే."

"నువ్వు రెండేండ్లు అనిపించుకుంటివి. నేనొక గంట అనిపించుకుంటే ఏం పోయె."

గూడ్సు ఆఖరి పెట్టె పోయింది. గేటు లేచింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు. హరినాథ్ బండి కదిలించలేదు. మామ భుజాలు కదులుతున్నాయి. భయపడి చూస్తే, నవ్వుతున్నాడు. శబ్దం లేకుండా, కళ్ళు మూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

చుయ్‌మని ఆవిరి లేస్తే సంతోషపడిందట. పడి ఉంటుంది. పొయ్యి మీద పాలు పొంగినా, కుక్కర్ కూత పెట్టినా, హనుమన్నకు కోపం వచ్చినా ఆమెకు ఒకటే మందు, చెంబు నీళ్ళు. పెళ్ళయిన కొత్తలో తాగి వచ్చి అరిచిన ఒక సాయంత్రం ఆయన నెత్తిన కూడా బకెట్ కుమ్మరించింది. కాగిందా, నీళ్ళు పొయ్యి. ఆమె చేసిన మంచికి ఆమే ఆ దోవలో ఆలస్యమైంది. దీనికి ఎవరిని తిట్టాలి?

హనుమన్న ఎవరినీ క్షమించే రకం కాదు. క్షమించడమంటే నష్టపోయినవాడు ఇంకోసారి నష్టపోవడమని ఆయన లెక్క. అల్లుణ్ణి కూడా క్షమించలేదు. క్షమించే పని పడలేదు, అంతే. తప్పు అల్లుడిది కాదు. తనదీ కాదు. తిరగలి కింద పడ్డ వేలు బయటికి వచ్చినట్టు ఉంది ప్రాణానికి. నొప్పి ఉంది, కాని వేలు తనదే, కదులుతోంది.

"పోనీప్పా" అన్నాడు. "వెనకోడు చచ్చేట్టుండాడు."

అల్లుణ్ణి అప్పా అని రెండేళ్ళకు పిలిచాడు. హరినాథ్ గేరు వేశాడు. స్టేషన్ రోడ్డు మలుపులో హరినాథ్ మళ్ళీ అన్నాడు.

"ప్రమీలకు తెలియగూడదు మామా. ఆసుపత్రికి పోయిన దానికి ముందు దినం అత్తకు తల నొప్పంటే, బకెట్ ఎత్తింది ప్రమీలే. రెండు చక్రాలకూ నిండుగా పోసింది. తెల్లారి బండి ఎప్పుడూ లేనంత వణికె."

హనుమన్న నవ్వు ఆగిపోయింది. తను రెండేళ్ళు ఏం తిన్నాడో, ఎట్లా తిన్నాడో ఆయనకు తెలుసు. ఆ కూడు కూతురి విస్తట్లో వడ్డించేది లేదు.

"తొట్టి పగలగొట్టు" అన్నాడు.

"ఫ్యాక్టరీ ఎట్ల నడుస్తాది?"

"అయితే బండిని వేరే తావున ఆపు. కొత్త రకం డిస్కులు, నీళ్ళు తగలగూడదని కర్నూలోళ్ళు చెప్పినారని చెప్పు."

"నమ్ముతాదంటావా?"

ప్రమీల సంగతి హనుమన్నకు తెలుసు. తన కూతురు. నమ్మదు. అయినా అబద్ధం ఒకటి సిద్ధం చేసుకోవాలి. ముప్పై అయిదేళ్ళ పనిలో బండివాడికి ఒక్క అబద్ధం చెప్పని నోరు, పదాలు కూర్చుకోవడం మొదలుపెట్టింది.

షెడ్డు ముందు ప్రమీల నిలబడి ఉంది. చేతిలో పర్సు, కొంగు బొడ్లో దోపుకుని. ఇంటికి వచ్చేసరికి గ్యాసు బండ పక్కకు ఒరిగి ఉంది, కింది పీట మాయం, ఎవరి పని ఇది అని ఆటో ఎక్కి వచ్చింది. దిగుతున్న ఇద్దరినీ చూసింది. నాయనా మొగుడూ ఒకే బండిలోంచి దిగడం రెండేళ్ళ తర్వాత చూస్తోంది. తిట్టడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. కళ్ళు తడిశాయి. గ్యాసు సంగతి మరచిపోయింది.

"వణుకు పోయిందా నాయనా?"

"పోయింది పాపా. ఎల్లుండి నిక్షేపంగా పోండి."

"నువ్వూ వస్తాండావు" అన్నది. అడగలేదు, చెప్పింది. హనుమన్న తల ఊపాడు. అంత తేలిగ్గా ఊపుతానని ఆయనే అనుకోలేదు. పక్క షెడ్డు గుమ్మంలో నెహెమ్యా చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. బండి ఆగిన చోట ముందు చక్రాలు టిక్కు టిక్కుమంటూ చల్లారుతున్నాయి. కొత్త ప్యాడ్ల కమురు వాసన ఊదుపొగలా షెడ్డంతా పరచుకుంది.

హరినాథ్ టీ చెప్పడానికి రోడ్డు దాటాడు. హనుమన్న స్పానర్లు సర్దుతూ, నీళ్ళు తగలగూడని కొత్త రకం డిస్కుల గురించి మొదటి వాక్యం ఎట్లా ఎత్తుకోవాలా అని ఆలోచిస్తున్నాడు. వెనక నీళ్ళ చప్పుడైంది. తిరిగి చూశాడు.

పంచర్లు చూసే తొట్లో బకెట్ ముంచి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ప్రమీల ఎడమ చక్రం ముందు నిలబడి ఉంది.

అరవై నాలుగేళ్ళ మనిషి ఆ నాలుగు అడుగులూ ఎట్లా దాటాడో తెలియదు. బకెట్ అంచు పట్టుకున్నాడు. నీళ్ళు ఎగిరి ఇద్దరి కాళ్ళ మీదా పడ్డాయి. చక్రం మీద చుక్క పడలేదు.

"ఏం నాయనా? కాలిన వాసన వస్తాండాది. అమ్మ పోసేది గదా."

"పోయొద్దు."

"యాల?"

కర్నూలువాళ్ళ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాయన కళ్ళు ఎటు తప్పించుకుంటున్నాయో ప్రమీల చూసింది. బల్ల మీద తన గ్యాసు పీట ఉంది. దాని పక్కన ఊడదీసిన డిస్కు ఉంది. రెండింటి సందుల్లోనూ, దినమూ తను బకెట్‌తో ముంచే నీళ్ళ తెలుపు ఎండి ఉంది. ఆమె వాటిని చూసింది. పొగలు కక్కుతున్న చక్రాన్ని చూసింది. తండ్రి వేళ్ళు బిగుసుకున్న బకెట్‌ను చూసింది. బకెట్ వదల్లేదు.

"నాయనా" అన్నది చాలా నెమ్మదిగా. "ఆ పొద్దు అమ్మను తీసకపోయేటప్పుడు బండి ఎందుకు వణికింది?"